కందిగింజంత స్క్రూ

అతను పోయాడని కడప నుంచి టీకొట్టు మస్తాన్ ఫోను చేశాడు. పొద్దున ఏడున్నర. నేను కర్నూలులో మా ఇంటి వరండాలో కూర్చుని ముందురోజు డైరీ రాసుకుంటున్నాను.

"సార్, మన తుపాకుల సామి పోయినాడు. తెల్లారి లేపబోతే లేడంట."

"అట్లనా" అన్నాను.

"మంచి సావు సార్. పుణ్యాత్ములకు గాని రాదు."

ఇలాంటప్పుడు అనవలసిన మాటలు నాకు తెలియక కాదు. ముప్పై ఆరేళ్ళు ఆఫీసులో సంతాప తీర్మానాలు రాసింది నేనే. వాటిలో ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. ఫోను పెట్టేసి, పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించుకున్నాను. మళ్ళీ పుక్కిలించాను. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి, "పొద్దున్నే ఏం తింటిరి?" అని అడిగింది. ఏమీ తినలేదన్నాను. అది నిజమే.

చనిపోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. అందుకే అతని పేరు రాయడం లేదు. అతనికి పిల్లలున్నారు, వాళ్ళు నాకేమీ చేయలేదు. కానీ పుణ్యాత్ముడు అన్న మాట మీద ఊరుకుంటే నా డైరీలన్నీ అబద్ధాలవుతాయి.

రిటైరయ్యేదాకా నేను కడప ఆఫీసులో లైసెన్సు తుపాకుల కాగితాలు చూసే గుమాస్తాగా పనిచేశాను. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు ఉన్నవాళ్ళు తుపాకులు అప్పగించాలి. ఫలితాలు వచ్చి వారం గడిచాక తిరిగి తీసుకోవచ్చు. పోలీసు స్టేషన్లో అయినా ఇవ్వచ్చు, లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలో అయినా ఇవ్వచ్చు. దుకాణమైతే తుడిచి, నూనె రాసి పెడతారని చాలామంది అక్కడికే వచ్చేవాళ్ళు. కడపలో ఒక ఇరుకు సందులో ఉన్న అలాంటి దుకాణం అతనిది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా నన్ను అక్కడ కూర్చోబెట్టేవాళ్ళు. తుపాకి మీది నెంబరు, లైసెన్సులోని నెంబరు సరిచూసి, రిజిస్టరులో ఎక్కించి, రసీదు ఇవ్వడం నా పని. విప్పి, శుభ్రం చేసి, బీరువాలో పెట్టడం అతని పని. అలా నాలుగు ఎన్నికలు అతనికి గజం దూరంలో కూర్చున్నాను. గజం దూరం నుంచి రోజంతా చూస్తే మనిషిలో దాగేదేమీ ఉండదు.

సన్నటి మనిషి. నుదుట మూడు విభూతి రేఖలు, ఒంటిమీద చేతుల బనియను. అందరినీ "సామీ" అని పిలిచేవాడు, అందరూ అతన్ని అలాగే పిలిచేవాళ్ళు. కుడిచేతి చిటికెన వేలి గోరు అంగుళం పెంచాడు. పక్కన స్క్రూడ్రైవరు ఉన్నా సరే, రివాల్వరు పిడి స్క్రూని ఆ గోటితో వదులు చేసి, తరువాత అదే గోటితో పళ్ళలో ఇరుక్కున్న వక్కపలుకు తీసుకునేవాడు. బల్లమీద ఎప్పుడూ ఒక ఇత్తడి వక్కాకు పెట్టె. అందులో మూడు గదులు. ఒకదాంట్లో ఆకులు, ఒకదాంట్లో వక్క, సున్నం. మూడోదాంట్లో స్క్రూలు, స్ప్రింగులు, చిన్న చిన్న ఇనుప ముక్కలు. ఏ తుపాకివో అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

తుపాకి విప్పేటప్పుడు తెల్ల టవలు పరిచేవాడు. టవలు చూస్తే ఎంత పద్ధతి గల మనిషో అనిపిస్తుంది. కానీ ఊడదీసిన స్క్రూలను దానిమీద పెట్టడు. ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటాడు. బుగ్గకూ చిగురుకూ మధ్య, వక్కాకు పక్కన.

మొదటిసారి చూసినప్పుడు, "అదేం పని సామీ, గిన్నెలో వేసుకోరాదా?" అన్నాను.

అతను వెంటనే జవాబివ్వలేదు. నోట్లో స్క్రూలుంటే మాట్లాడడు, ఎంత పెద్దమనిషి పలకరించినా "ఊఁ" అంటాడు, అంతే. లోపలంతా తుడిచి, నూనె రాసి, మళ్ళీ బిగించే వేళకు స్క్రూలన్నీ అరచేతిలోకి ఊశాడు. ఎర్రటి ఉమ్మిలో మెరుస్తున్న స్క్రూలు. వాటిని బనియనుకు తుడిచి, అప్పుడు నోరు తెరిచాడు.

"బల్లమీద పెడితే దొర్లిపోతాయి సామీ. గిన్నెలో ఏస్తే పిల్లి తన్నేస్తాది. మనిషి నోటికి మించిన పెట్టె లేదు. బీగం కూడా మనదే గదా!"

అక్కడి నుంచి మాటలే మాటలు. చెరువు తెగినట్టు. ఎవరి తుపాకి ఎవరి పెండ్లిలో పేలింది, ఎవరు లైసెన్సు కోసం ఎవరి గడప తొక్కారు, ఏ రెడ్డి నడుముకు ఏ రకం నప్పుతుంది, అన్నీ చెప్పేవాడు. ఆ రోజు డైరీలో నేను రాసింది రెండు మాటలు: 'పనిమంతుడు. శుభ్రత లేదు.' అతన్ని అంతవరకే అర్థం చేసుకున్నాను.

రెండో ఎన్నికల్లో గమనించాను. అతను విప్పిన తుపాకుల్లో అప్పుడప్పుడు ఒకటి తగ్గుతుంది. స్క్రూ ఒకటో, స్ప్రింగు ఒకటో. సొంతదారు తిరిగి తీసుకోవడానికి వచ్చినప్పుడే తగ్గుతుంది. "ఆఖరుసారి తుడిచి ఇస్తా ఉండు నాయనా" అని విప్పుతాడు. అరచేతిలోకి ఊస్తాడు. లెక్కపెడతాడు. మొహం చిన్నబుచ్చుకుంటాడు.

"తుపాకి ఇప్పినాక ఒకటి తగ్గుతాది. అది దాని గుణం. ఎతుకు, ఈడ్నే యాడో పడింటాది."

సొంతదారు మోకాళ్ళ మీద వంగుతాడు. బల్ల కింద, బీరువా కింద, గడప సందులో చూస్తాడు. మోకాళ్ళు, మోచేతులు దుమ్ముకొట్టుకుపోతాయి. పైన కుర్చీలో అతను కాలు మీద కాలు వేసుకుని, కింద పాకే మనిషి వీపు చూస్తూ ఉంటాడు. ఆ చూపు చెప్పడం కష్టం. బాగా తిన్నవాడు తాంబూలం నములుతూ ఎంగిలాకుల వైపు చూసినట్టు ఉండేది.

స్క్రూ దొరకదు. వేరేది కావాలి. వేరేది ఎక్కడో దూరం నుంచి రావాలి. నెల అంటాడు, రెండు నెలలంటాడు. తిరిగి తిరిగి చెప్పులరిగిన మనిషికి ఒకరోజు మెత్తగా చెబుతాడు. "పాతది నాయనా. దీనికి ముక్కలు దొరకవు. నాకే ఇచ్చేసి నిమ్మళంగా ఉండు." రివాల్వరు దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. పనిచేయని రివాల్వరు మాత్రం ఇనుప ముక్క. ఇచ్చేసిన రెండో వారంలో దానికి ముక్క దొరుకుతుంది, వక్కాకు పెట్టెలోనే. తుపాకి మరో నడుముకు ఎక్కుతుంది.

ఏ తుపాకుల్లో తగ్గుతుందో చూడటానికి నాకు తెలివి అక్కర్లేదు, గడప వైపు చూస్తే చాలు. కారు దిగి వచ్చినవాళ్ళ తుపాకిలో ఎన్నడూ ఏదీ తగ్గలేదు. బస్సు దిగి వచ్చినవాళ్ళ తుపాకుల్లోనే తగ్గేవి.

వేంపల్లె నుంచి ఒకామె వచ్చేది. భర్త పోయాడు. అతని రివాల్వరు దుకాణంలో ఉంది, మంచి ధరకు అడిగినవాళ్ళున్నారు. ఈ స్వామి స్ప్రింగు లేదన్నాడు. ఆమె నాలుగుసార్లు వచ్చి వెళ్ళింది. నాలుగోసారి గడప దగ్గరే నిలబడి అడిగింది.

"మా ఆయన ఉన్నెప్పుడు బాగనే ఉండె గదా సామీ?"

"ఆయన ఉన్నెప్పుడు నువ్వూ బాగనే ఉంటివి గదా తల్లీ!" అన్నాడు అతను. అని, ఏదో గొప్ప హాస్యం ఆడినట్టు నా వైపు చూసి నవ్వాడు. ఎర్రటి నోరు.

నేను నవ్వలేదని రాసుకోవాలని ఉంది. నవ్వాను. తుపాకి దుకాణానికే ఇచ్చేస్తున్నట్టు సంతకం పెట్టడానికి ఆమె నా ముందు వంగినప్పుడు ఆ నవ్వు ఇంకా నా మొహం మీదే ఉంది. ఆ రివాల్వరు తరువాత ఒక కాంట్రాక్టరు బెల్టుకు వేలాడుతూ మా ఆఫీసుకే వచ్చింది. స్ప్రింగు ఉంది.

ఒకరోజు అడిగాను. "సామీ, ఇన్ని ముక్కలు పోతాయి, ఎవడన్నా ఫిర్యాదు చేస్తే?"

"ఏమని చేస్తాడు? మీ రిజిస్టరులో ఏముండాది సామీ? తుపాకి ఒకటి, నెంబరు ఇంత. తుపాకి ఉండాది, నెంబరు ఉండాది. స్క్రూకి నెంబరు ల్యా. నెంబరు లేనిది పోయిందంటే ఎవడు నమ్మేది?"

అతను చెప్పింది నిజం. మా ఫారంలో చివర 'స్థితి' అని సన్నటి గడి ఒకటి ఉండేది. అందులో నేను 'బాగుంది' అని రాసేవాణ్ణి. తుపాకిని తెరిచి చూసి కాదు. గడి ఖాళీగా ఉంటే పై అధికారి వెనక్కి పంపుతాడని. అన్నీ పద్ధతిగా చేస్తానని పేరున్న నేను, ఎన్నో 'బాగుంది'లు అలా రాశాను. అతని సంపాదనకు ఆ గడే పునాది.

దేవదానం వచ్చింది నాలుగో ఎన్నికలకు. నేను రిటైరు కావడానికి ముందు అదే చివరిది.

పదిహేడేళ్ళు పట్టాళంలో పనిచేసి వచ్చిన మనిషి. వేంపల్లె దగ్గర పల్లె, తాతల నాటి నుంచీ క్రైస్తవులు, రెండెకరాల మెట్ట. నల్లటి మొహం, నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ మడత చెడని పాత చొక్కా. తుపాకి అప్పగించేటప్పుడే అతను మిగతావాళ్ళలా కాదని తెలిసింది. పట్టాళంలో తన పై ఆఫీసరు రిటైరవుతూ కాగితాలు రాసి అమ్మిన పాత విదేశీ రివాల్వరు అది. దాన్ని నా ముందు పెట్టి, వేలితో చూపిస్తూ ఒక్కొక్కటే పైకి చెప్పాడు.

"ఈ పక్క స్క్రూలు మూడు సార్. పిడికి ఒకటి. ముందర సిలిండర్ని పట్టుకునేది ఒకటి. మొత్తం ఐదు. రాసుకోండి సార్."

"అవన్నీ రాసే ఆచారం లేదప్పా" అన్నాను.

"ఫౌజులో అట్లనే రాస్తాం సార్. చిన్నదానికే గదా రాత కావాల్సింది? పెద్దది పోతే ఎట్లయినా కనపడతాది."

విసుక్కుంటూనే రాశాను. ఆ సన్నటి గడిలో పట్టక మార్జినులోకి పోయింది. 'స్క్రూలు ఐదు, అన్నీ ఉన్నవి.' నా రిజిస్టర్లన్నిటిలో అలాంటి వాక్యం అదొక్కటే. పక్కన స్వామి నోటినిండా స్క్రూలతో మరో తుపాకి తుడుస్తున్నాడు. "ఊఁ" అన్నాడు. విన్నాడో లేదో.

ఫలితాలొచ్చి వారం గడిచాక, ఒక శుక్రవారం మధ్యాహ్నం దేవదానం రసీదు పట్టుకుని వచ్చాడు. ఆ రోజు అతని మొహం వెలుగుతోంది. మంగంపేట ముగ్గురాళ్ళ గనుల్లో ఒక యజమాని దగ్గర గన్‌మ్యాన్ ఉద్యోగం కుదిరింది. సోమవారం పొద్దున చేరాలి. సొంత రివాల్వరు ఉండాలి, అక్కడ తెరిచి చూపించాలి.

"ఎనిమిది నెలలాయె సార్ ఇంట్లో కూసోని. సోమవారం నేను పోకుంటే వెనకాల ఇంకొకడు కాసుకోని ఉండాడు. వానికి తుపాకి గూడా కొత్తది."

స్వామి బీరువాలోంచి రివాల్వరు తీశాడు. దేవదానం చేయి చాచాడు.

"ఉండు నాయనా, ఆఖరుసారి తుడిచి ఇస్తా."

"వద్దు సామీ, నాది నేనే తుడుచుకుంటా. అలవాటు."

"ఇన్ని దినాలు బీరువాలో ఉండె. తేమ పట్టింటాది. రేపు ఆడ తెరిస్తే కిర్రుమంటే నా దుకాణం పేరు పోతాది గదా!"

తెల్ల టవలు పరిచాడు. చిటికెన గోరు ఆడించాడు. ముందరి స్క్రూ మొదట తీశాడు. కందిగింజంత ఉంటుంది. అది లేకపోతే ఆరు గుండ్లు పట్టే సిలిండరు నిలవదు, తుపాకి తెరవగానే జారి చేతిలోకి వస్తుంది. తరువాత మిగతా నాలుగు. అన్నీ నోట్లోకి పోయాయి. దేవదానం కళ్ళు ఆ నోటిమీదే ఉన్నాయి. సైనికుడికి మొహంలో అసహ్యం కనపడకుండా పెట్టుకోవడం నేర్పుతారేమో, అతని మొహం కదలలేదు.

తుడవడం అయింది. స్వామి అరచేతిలోకి ఊశాడు. నాలుగు.

చెయ్యి ముందుకు చాచి, వేళ్ళతో నేల వైపు చూపించాడు. వెతుకు అన్నట్టు.

దేవదానం చొక్కా చేతులు పైకి మడిచి, మోకాళ్ళ మీద వంగి, ఫోను లైటు వేసుకుని, గది మూల నుంచి మొదలుపెట్టాడు. నేలను గళ్ళుగా విడగొట్టుకుని, ఒక్కొక్క గడి అరచేత్తో తడుముతూ వచ్చాడు. వెతకడానికి కూడా అంత పద్ధతి ఉంటుందని నేను అప్పుడే చూశాను. బల్ల కిందికి వచ్చినప్పుడు అతను గొణుక్కుంటున్నది వినపడింది. ప్రార్థన.

"ఒకే ఒక్కటి ప్రభువా. కండ్లకు చూపించు. ఇంకేం అడగను."

నేను స్వామి వైపు చూశాను. కాలు మీద కాలు. అదే చూపు. కానీ ఈసారి ఇంకొకటి తట్టింది. అతను మాట్లాడటం లేదు. నాలుగు స్క్రూలూ అరచేతిలో ఉన్నాయి, నోరు ఖాళీ అయింది, మాటల చెరువు తెగాలి. తెగలేదు. పది నిమిషాలుగా ఆ మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. "సామీ, ఆ బీరువా కొంచెం జరపల్లా" అని దేవదానం కింద నుంచి అడిగితే, "ఊఁ" అన్నాడు.

నాలుగు ఎన్నికలు గజం దూరంలో కూర్చుని నేను చూడనిది ఇదా అనిపించింది. చూడలేదా, చూడదలచలేదా, ఇప్పటికీ తేల్చుకోలేదు.

మస్తాన్‌ను కేకేసి మూడు టీలు తెమ్మన్నాను. స్వామి టీకి ఎన్నడూ కాదనని మనిషి. ఆ రోజు మస్తాన్ గ్లాసు తెచ్చి ముందు పెడితే చెయ్యి అడ్డంగా ఊపాడు.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, కింద ఉన్న మనిషికి వినపడకుండా అన్నాను. "నోరు తెరువు."

అతను నన్ను చూశాడు. మూసిన పెదాలతోనే నవ్వాడు. గ్లాసు అందుకుని, పొగలు కక్కుతున్న టీని రెండు గుక్కల్లో మింగేశాడు. గొంతు ముడి ఒకసారి పైకి లేచి, మధ్యలో ఆగి, కష్టంగా కిందికి దిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నోరు తెరిచాడు. మొత్తం తెరిచి, నాలుక పైకెత్తి, అటు బుగ్గ, ఇటు బుగ్గ గోటితో లాగి చూపించాడు. ఎర్రగా, ఖాళీగా.

"సూడండి సామీ. ఏముండాది? ఇంకా సూస్తారా?"

దేవదానం లేచి నిలబడ్డాడు. మోకాళ్ళకు దుమ్ము, నుదుట చెమట.

"ల్యా సార్. లేనే లేదు ఈడ."

"పాతది నాయనా" అన్నాడు స్వామి, గొంతు ఇంకా కాలుతున్నట్టు దగ్గి. "దీనికి వేరేది యాడా దొరకదు. నా పెట్టెలో ఉండేటివి కూడా దీనికి నప్పవు. నాకే ఇచ్చేయరాదా?"

దేవదానం సిలిండరు చేత్తో పట్టుకుని, అది జారిపోవడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ జారిపోవడం చూస్తున్నాడు. పదిహేడేళ్ళు దేశంకోసం నిలబడ్డ మనిషి, కందిగింజంత ఇనుముకోసం ఏడవబోతున్నాడు.

నేను రిజిస్టరు తెరిచి, మార్జినులోని వాక్యం మీద వేలు పెట్టాను.

"చదువు సామీ."

చదివాడు. మొదటిసారి అతని మొహంలో రంగు మారింది.

"ఇచ్చినప్పుడు ఐదు, ఇప్పుడు నాలుగు. దీని కింద ఆ మాట రాసి పైకి పంపితే, నీ దుకాణం లైసెన్సు రెన్యూవలు కాగితం నా బల్లమీదికే వస్తుంది. ఆదివారం దాకా టైము."

"వేరేది దొరకదని చెప్తాండా గదా సామీ?"

"నేను వేరేది అడగలేదు. అదే కావాలి."

మస్తాన్ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చాడు కాబట్టి మాట అక్కడ ఆగింది. స్వామికి మాత్రం పూర్తిగా అర్థమైంది. నాకూ అర్థమైంది, నేనేం అడుగుతున్నానో. దేవదానం ఒక్కడికే అర్థం కాలేదు. "దొరుకుతాదా సార్?" అని నన్ను అడిగాడు. దొరుకుతుందన్నాను.

శనివారం దుకాణం మూసి ఉంది. సందు మొదట్లో మస్తాన్ ఎదురొచ్చాడు.

"సామికి బాగలేదంట సార్. పొద్దున్నే రెండు డజన్ల అరటిపండ్లు, ఒక సీసా ఆముదం కొనుక్కపోయినాడు. అంత కడుపునొప్పా?"

"అయ్యుంటుంది" అన్నాను. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, తినలేక లేచాను.

ఆదివారం చర్చి వదిలాక దేవదానం నేరుగా దుకాణానికి వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో బైబిలు. మరునాటికి బట్టలు సర్దుకున్న సంచీ కూడా తెచ్చుకున్నాడు, ఇక్కడి నుంచే మంగంపేట బస్సు ఎక్కుతానన్నాడు. నేను అప్పటికే వచ్చి కూర్చున్నాను. స్వామి కళ్ళు లోపలికి పోయాయి, విభూతి రేఖలు వంకరగా ఉన్నాయి. వక్కాకు లేదు. సొరుగులోంచి చిన్న కాగితం పొట్లం తీసి టవలు మీద పెట్టి విప్పాడు.

స్క్రూ. తళతళా మెరుస్తోంది. గదంతా గంధం సబ్బు వాసన.

దాన్ని అతను పట్టకారుతో ఎత్తాడు. నాలుగు ఎన్నికల్లో అతను పట్టకారు వాడగా నేను చూసింది ఆ ఒక్కసారే. నోటికి బారెడు దూరంలో పట్టుకున్నాడు.

"దొరికింది నాయనా. రాసుకోండి సామీ, దొరికిందని."

"యాడ దొరికిందని రాయాల?" అన్నాను.

"మీకు తెలియందేముంది సామీ?" అని, చాలా మెత్తగా నవ్వాడు. "మీకెట్ల తోస్తే అట్ల రాయండి."

'దొరికినది' అని రాశాను. ఎక్కడ అన్నది రాయలేదు. నాలుగో స్క్రూ పక్కన ఐదోది చేరింది, కాగితం పైకి పోవలసిన పని లేదు. అతని దుకాణం ఆ తరువాత కూడా చాలాకాలం నడిచింది.

దేవదానం ఆ స్క్రూను అరచేతిలో వేసుకుని, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఈ రోజు చర్చిలో దీనికోసమే మోకాళ్ళూనినా సార్. ప్రభువు ఇన్నాడు." స్వామి చేతులు రెండూ పట్టుకున్నాడు. "మిమ్మల్ని అనుమానించినా సామీ. తప్పు. మన్నించండి."

"దేవుడే ఇచ్చినాడులే నాయనా. నాదేముంది?" అన్నాడు స్వామి.

"నేను బిగిస్తా" అని స్వామి చేయి చాచాడు. దేవదానం ఒప్పుకోలేదు. తనది తానే చేసుకుంటానన్నాడు. ఆ స్క్రూను రెండు కళ్ళకూ అద్దుకుని, ముద్దు పెట్టుకున్నాడు. తరువాత ఒక చేత్తో తుపాకి, ఒక చేత్తో సిలిండరు పట్టుకోవలసి వచ్చి, స్క్రూడ్రైవరు అందుకునేదాకా దాన్ని పెదాల మధ్య పెట్టుకున్నాడు.

నేను నోరు తెరిచాను. చెప్పాలనే తెరిచాను. ఆ తుపాకికి సరిపోయే స్క్రూ అదొక్కటే, చెబితే ఎట్లా బిగిస్తాడు, బస్సుకు ఇంకా ముప్పావు గంటే ఉంది, రేపు పొద్దున ఉద్యోగం. ఈ లెక్కలన్నీ ఆ అర నిమిషంలోనే వేసుకున్నాను. లెక్కలు తప్పు కాదు. కానీ నన్ను ఆపింది అవి కావు. చెబితే, ఆ టీ తెప్పించింది ఎవరో కూడా చెప్పాలి. రెండు రోజులు ఎదురుచూసింది ఎవరో చెప్పాలి. స్వామి నా వైపే చూస్తున్నాడు. నేను చెప్పనని అతనికి తెలుసు. కింద పాకే మనిషి వీపును చూసినప్పటి చూపే అది. ఈసారి అది నా మీద ఉంది.

స్క్రూ లోపలికి దిగింది. దేవదానం రివాల్వరు తెరిచాడు, మూశాడు. సిలిండరు తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. సంచీలో భద్రంగా పెట్టుకుని, మడమలు రెండూ చేర్చి నిటారుగా నిలబడి, మా ఇద్దరికీ కలిపి ఒకే సెల్యూట్ కొట్టాడు.